అడగండి చెప్తాం: ర్యాప్ వినేవాడు ఏ పుస్తకంతో మొదలెట్టాలి?

ప్రశ్న: సార్, రెండేళ్ళుగా ర్యాప్ తెగ వింటున్నా. మా రూమ్మేట్ మాత్రం జాజ్, ఫంక్ (తాళం మీద నడిచే నల్లజాతి డాన్స్ సంగీతం) తెలీకుండా హిప్‌హాప్, అంటే ఈ ర్యాప్, వినడమంటే పల్లవి వదిలేసి చరణం పాడుకోవడమే అని రోజూ నస పెడుతున్నాడు. ఏం చదవాలి? జాజ్ దగ్గర్నుంచి వరసగా రావాలా?
- డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: వరసగా వద్దు బాబూ. జాజ్ పుట్టిన న్యూ ఆర్లీన్స్ నుంచి మొదలెట్టావంటే యాభయ్యో పేజీకల్లా పుస్తకం దిండు కిందకి పోతుంది, నాకు అలాగే పోయింది. నువ్వు వినే పాట దగ్గర్నుంచే వెనక్కి నడువు.

పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందం వాళ్ళ 'ఫైట్ ద పవర్' ఉంది కదా, 1989ది, అందులో శాంపిల్ చేసిన, అంటే ముక్క కోసి వాడుకున్న, పాత పాటల్లో ఒకటి ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్'. 1969 నవంబర్‌లో సిన్సినాటిలో రికార్డు చేశారు, డ్రమ్స్ వాయించింది క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. పూర్తి వెర్షన్ పెట్టుకుని ఐదు నిమిషాలు దాటేదాకా ఓపిక పట్టు, సోలో ఏం వద్దు నువ్వు వాయించేదే వాయించు అంటాడు బ్రౌన్, కాసేపటికి మిగతా వాద్యాలన్నీ టక్కున ఆగిపోయి ఒట్టి డ్రమ్స్ మిగుల్తాయి, ఎనిమిది బార్లు (తాళం ఎనిమిది చుట్లు), అంటే ఇరవై సెకన్లో ఏమో. ఆ ఇరవై సెకన్లనే వందల పాటల్లో లూప్ చేసి, అంటే మళ్ళీ మళ్ళీ తిప్పి, వాడేశారు. పాటకి రచయితగా క్లైడ్ పేరు లేదు కాబట్టి ఆ రాయల్టీలేవీ ఆయనకి రాలేదు, అదో కడుపుమంట.

ఇది విన్నాక రికీ విన్సెంట్ రాసిన 'ఫంక్' (1996) తియ్యి, ముందుమాట ఫంక్ సంగీతకారుడు జార్జ్ క్లింటన్‌ది. ఆ తర్వాత హిప్‌హాప్ చరిత్ర, జెఫ్ చాంగ్ 'కాంట్ స్టాప్ వోంట్ స్టాప్' (2005). మొదట్లో పాటలకంటే న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఊరి మధ్యనుంచి వేసిన హైవే, తగలబడ్డ ఇళ్ళు, గ్యాంగులు ఇవే ఎక్కువుంటాయి, విసుక్కోకు. 1973 ఆగస్టు 11న చెల్లెలు స్కూలు బట్టలు కొనుక్కోడానికి డబ్బులు కావాలని పెట్టిన పార్టీలో డీజే కూల్ హెర్క్ రికార్డులు వేశాడు, అక్కణ్ణుంచి హిప్‌హాప్ ఇంత కథ ఎలా నడిచిందో అప్పుడే తెలుస్తుంది.

ఇక జాజ్. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే ర్యాప్ బృందం 1991 ఆల్బమ్ 'ద లో ఎండ్ థియరీ'లో ఒక పాటకి బేస్ వాయించింది రాన్ కార్టర్, అరవైల్లో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ దగ్గర వాయించినాయన. అలా మైల్స్ ఆత్మకథకి (1989) వచ్చెయ్. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది, బూతులతో సహా, ఇంట్లో పెద్దవాళ్ళుంటే పైకి మాత్రం చదవకు.

ప్రశ్న: ఫలానా ర్యాప్ ఆల్బమ్‌కి ఐదు మైకులు వచ్చాయి అంటుంటారు. ఎవరిచ్చారండీ? అంత గొప్పా?
- గృహిణి, రాజమండ్రి

జవాబు: 'ద సోర్స్' అనే హిప్‌హాప్ పత్రికండీ. 1988లో హార్వర్డ్‌లో చదివే ఇద్దరు కుర్రాళ్ళు చిన్న న్యూస్‌లెటర్‌గా మొదలెట్టారు. మన రివ్యూల్లో స్టార్లున్నట్టు వాళ్ళకి మైకులు. 1994లో నాస్ అనే ర్యాపర్ ఆల్బమ్ 'ఇల్‌మాటిక్'కి ఐదుకి ఐదూ ఇస్తూ రివ్యూ రాసింది మిన్యా ఓ, అప్పటికి ఆవిడ అక్కడ ఇంటర్న్! ఇంకా రికార్డు కంపెనీ దొరకని వాళ్ళని పరిచయం చేసే కాలమ్ కూడా ఉండేది, 1992లో ర్యాపర్ బిగ్గీ అందులోనే కనపడ్డాడు. నన్నడిగితే మైకులకంటే ఆ పరిచయాల శీర్షికే గొప్ప.

జాజ్ వాళ్ళకి 1934 నుంచి షికాగో పత్రిక 'డౌన్‌బీట్' ఉంది. అందులో 'బ్లైండ్‌ఫోల్డ్ టెస్ట్' అని ఒక శీర్షిక, పేరు చెప్పకుండా రికార్డు వినిపిస్తారు, వింటున్న కళాకారుడే వాయిస్తున్నది ఎవరో కనిపెట్టాలి, స్టార్లు కూడా వెయ్యాలి. పెద్ద పెద్దవాళ్ళు బోల్తా పడ్డారు. మీ ఇంట్లో పిల్లలతో ఆడి చూడండి, ఇళయరాజానా కీరవాణా అని, భలే గొడవలవుతాయి.

ప్రశ్న: ఇవన్నీ వేలల్లో ఉన్నాయి సార్, మాలాంటోళ్ళం ఎట్ల కొనాలి?
- పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సంగీత నిర్మాత క్విన్సీ జోన్స్ 1993లో పెట్టిన 'వైబ్' పత్రిక పాత సంచికలు గూగుల్ బుక్స్‌లో ఫ్రీగా చదువుకోవచ్చు, యాడ్స్‌తో సహా స్కాన్ చేశారు, ఆ బట్టల యాడ్లే సగం చరిత్ర. మన దేశం కథ కావాలంటే బొంబాయి జాజ్ మీద నరేశ్ ఫెర్నాండెజ్ 'తాజ్ మహల్ ఫాక్స్‌ట్రాట్' ఉంది. మిగతావాటికి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్. పొద్దున్నే పో, వాడడిగిన రేటు మాత్రం ఇవ్వకు, బేరమాడు.