టెక్ సందేహాలు: మూడో రాత్రికి ఆగిపోతున్న పడవ ఫ్రిజ్

ప్రశ్న: నౌకాదళంలో పనిచేసి వచ్చిన మా తమ్ముడూ నేనూ కలిసి సెకండ్ హ్యాండ్‌లో కొన్న 32 అడుగుల తెరచాప పడవను గోవాలో ఉంచాం. అందులో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చే కొలత) లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు, 120 వాట్ల సోలార్ ప్యానెల్ ఉన్నాయి. సముద్రంలోకి వెళ్లిన మూడో రాత్రి తెల్లవారుజామున ఫ్రిజ్ ఆగిపోతోంది. ఇంకో బ్యాటరీ కొనమంటారా? – హనుమకొండ పాఠకుడు

జవాబు: ఇప్పుడే కొనకండి. ఈ రకం ఫ్రిజ్ కంప్రెసర్ నడుస్తున్నప్పుడు సుమారు 4 ఆంపియర్లు తీసుకుంటుంది. రోజులో సగం సేపు నడిచిందనుకుంటే 48 ఏహెచ్ ఖర్చవుతుంది. దీపాలకు, ఆటోపైలట్‌కు, జీపీఎస్‌కు కలిపి మరో 25 వేసుకుందాం. మీ ప్యానెల్ మాత్రం తెరచాప నీడ పడకపోయినా రోజుకు 36 ఏహెచ్‌కు మించి ఇవ్వడం కష్టం. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి మీ రెండింటిలో నిక్కచ్చిగా వాడుకోదగ్గది 100 ఏహెచ్. రోజుకు 37 చొప్పున లోటు పడుతుంటే అది మూడో రాత్రికి అయిపోవడంలో వింత లేదు. మరో బ్యాటరీ పెడితే ఫ్రిజ్ మూడో రాత్రికి బదులు నాలుగో రాత్రి ఆగుతుంది, అంతే. చెరువు కట్ట ఎత్తు పెంచినంత మాత్రాన వాగులో నీళ్లు పెరగవు కదా.

కాబట్టి ముందు ఖర్చు తగ్గించండి. కంప్రెసర్‌ను సామాన్ల మధ్య బిగించిన పడవలు చాలా ఉంటాయి. కండెన్సర్ వదిలిన వేడిగాలి బయటికి పోయే దారి లేకపోతే అదే గాలి మళ్లీ దానిలోకి వెళ్లి, కంప్రెసర్ రోజులో సగానికి బదులు ముప్పావు వంతు నడవాల్సి వస్తుంది. తర్వాత మూత రబ్బరు చూడండి: మూత మధ్య కాగితం ముక్క పెట్టి లాగితే సులువుగా వచ్చేస్తే చల్లదనం అక్కడి నుంచే పోతోందని అర్థం. పెట్టె గోడల్లో ఇన్సులేషన్ నాలుగు అంగుళాలకు తక్కువగా ఉంటే, నా లెక్కలో కొత్త బ్యాటరీ కంటే ఆ డబ్బును పాలియురెథేన్ ఫోమ్‌పై పెట్టడమే మేలు.

సరుకులు నింపే పద్ధతి కూడా ముఖ్యమే. 35 డిగ్రీల నీళ్లు పది లీటర్లను 5 డిగ్రీలకు తేవాలంటే ఫ్రిజ్ దాదాపు 350 వాట్ అవర్ల వేడిని బయటికి తోడాలి. ఒడ్డున కరెంటు ఉన్నప్పుడే నీళ్లు, కూరగాయలు చల్లబరిచి ఎక్కించుకుంటే ఆ భారం బ్యాటరీ మీద పడదు. మధ్యాహ్నం ఎండ మిగులుతున్నప్పుడు థర్మోస్టాట్‌లో ఉష్ణోగ్రతను తగ్గించి నీళ్ల సీసాలు గడ్డకట్టనిచ్చి, రాత్రి కొంచెం పెంచుకోవచ్చు.

ఒక్క పరీక్ష మాత్రం తప్పక చేయండి. కంప్రెసర్ తిరుగుతుండగా ఫ్రిజ్ కనెక్షన్ల దగ్గరా బ్యాటరీ దగ్గరా వోల్టేజీ కొలవండి. ఈ రకం కంప్రెసర్లు చాలావరకు 10.4 వోల్టుల దగ్గర తమంతట తామే ఆగిపోతాయి. 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్నని వైరు అయిదు మీటర్లు సాగితే, రాను పోను కలిపి దాదాపు అర వోల్టు దానిలోనే పోతుంది; దాంతో బ్యాటరీలో ఇంకా కరెంటు ఉండగానే ఫ్రిజ్ ఆగిపోవచ్చు. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే ఆ నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇవన్నీ చేశాకా లోటు మిగిలితే అప్పుడు ఇంకో ప్యానెల్ కొనండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఆలోచన ఆ తర్వాతే.

ప్రశ్న: పడవలో చేపలు దాచడానికి తక్కువ ధరకు దొరికే థర్మోఎలక్ట్రిక్ (కంప్రెసర్ లేని) కూలింగ్ బాక్స్ సరిపోతుందా? – కరీంనగర్ పాఠకుడు

జవాబు: సరిపోదు. అవి బయటి వేడి కంటే సుమారు 20 డిగ్రీలు మాత్రమే తగ్గిస్తాయి. 42 డిగ్రీల మధ్యాహ్నం చేపలు 22 డిగ్రీల దగ్గరే ఉంటాయి. పైగా ఇవి ఆగకుండా నడుస్తూ రోజుకు 100 ఏహెచ్ వరకు తినేస్తాయి. ఒక్క పూటకైతే మంచి ఐస్ బాక్స్‌లో చేపల మీద చితక్కొట్టిన ఐసు వేసి, కరిగిన నీరు బయటికి పోయేలా అడుగున రంధ్రం ఉంచుకోండి.