పోస్టులు పెట్టడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి జర్నలిజం డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. ప్రజాప్రతినిధుల సోషల్ మీడియా టీమ్‌లో చేరతానంటోంది. పోస్టులు పెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా? ఏం నేర్చుకోవాలి? ఆ నాయకుడు ఓడిపోతే పరిస్థితి ఏమిటి?

జవాబు: ఉద్యోగమే. కాకపోతే బయటికి కనిపించేది అందులో చిన్న ముక్క. ఫొటో, నాలుగు వాక్యాలు, ఓ హ్యాష్‌ట్యాగ్ పెట్టడానికి పావుగంట చాలు. దాని కింద ఎవరో "మా వీధికి మూడు వారాలుగా నీళ్లు రావడం లేదు" అని కామెంట్ పెడతారు చూడండి, అసలు పని అక్కడ మొదలవుతుంది. ఆ ఒక్క కామెంటును చివరిదాకా నడిపించడం వస్తే మీ అమ్మాయికి సగం పని వచ్చినట్టే.

నడిపించడం అంటే ఇదీ. అదే రోజు అందరికీ కనిపించేలా ఒక చిన్న జవాబు ఇవ్వాలి: చూశాం, వివరాలు మెసేజ్‌లో పంపండి అని. చిరునామా, ఫోన్ నంబరు కామెంట్లలో అడగకూడదు. అక్కడి నంబర్లు ఏరుకుని, ఆఫీసు నుంచే మాట్లాడుతున్నామంటూ డబ్బులు గుంజేవాళ్లు ఉంటారు. తర్వాత ఎక్సెల్ షీట్‌లో ఎక్కించాలి: తేదీ, ఏ ఖాతా నుంచి వచ్చింది, సమస్య, ఏ శాఖకు పంపాం, ఎవరి పేరున పంపాం, శాఖ ఇచ్చిన ఫిర్యాదు నంబరు, మళ్లీ ఎప్పుడు అడగాలి. చాలా ఆఫీసులు బోల్తా పడేది ఆఖరి గడి దగ్గర. శాఖకు ఉత్తరం వెళ్లగానే "పరిష్కారమైంది" అని పోస్టు పెట్టేస్తారు. మర్నాడు ఫిర్యాదు చేసినాయన ఎండిపోయిన కుళాయి ఫొటో తెచ్చి దాని కిందే పెడతాడు. ఆ స్క్రీన్‌షాట్ అసలు పోస్టు కంటే ఎక్కువ దూరం పోతుంది. సమస్య తీరిందని ఫిర్యాదుదారు నోటితో చెప్పేదాకా ఆ వరుసను మూయకూడదు.

రెండోది, ఎవరి గొంతుతో మాట్లాడుతున్నాం అన్న స్పృహ. ఒకే నాయకుడు పదవిలో ఉన్న మనిషిగా, పార్టీ మనిషిగా, ఇంటి మనిషిగా కూడా మాట్లాడతాడు. మూడూ ఒకే ఖాతాలో కలిపేస్తే చిక్కులు కోర్టుదాకా వెళ్తాయి. 2024 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 'లిండ్కే వర్సెస్ ఫ్రీడ్' కేసులో చెప్పిందేమిటంటే, ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం ఖాతా నడిపే పదవిలోని వ్యక్తికి నిజంగా ఉండి, ఆ పోస్టులో దాన్ని వాడుతున్నట్టు కనిపిస్తే, అక్కడ కామెంట్లు తీసేయడం, మనుషుల్ని బ్లాక్ చేయడం ప్రభుత్వ చర్యగానే లెక్కకొస్తుంది. ఇతర దేశాల్లో చట్టాలు వేరుగా ఉండొచ్చు గానీ జాగ్రత్త ఒకటే. ఖాతాలు విడగొట్టాలి. బూతులు, బెదిరింపులు, ఇతరుల ఫోన్ నంబర్లు దాచేస్తామని ముందే రాసి పెట్టాలి. దాచే ముందు తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. విమర్శను మాత్రం ముట్టుకోకూడదు, ఎంత ఘాటుగా ఉన్నా సరే.

చేతిపని సంగతి. నిలువు వీడియో 1080 × 1920 పిక్సెల్స్‌లో తీయడం, సబ్‌టైటిల్స్ వేయడం తప్పనిసరి. శబ్దం లేకుండా చూసేవాళ్లు చాలామంది. ప్రకటన మొత్తాన్ని బొమ్మగా చేసి పెట్టడం ఎక్కడ చూసినా కనిపించే తప్పు. చూపు లేనివారి ఫోన్ దాన్ని సరిగా చదివి వినిపించలేకపోవచ్చు. అదే సమాచారం అక్షరాల్లో కూడా ఉండాలి. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) మామూలు ఖాతాకు 280 అక్షరాల పరిమితి ఉంది. తెలుగులో ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' అని రాస్తే ఆరు పోతాయి. ఇంగ్లిష్ ప్రకటనను అనువాదం చేసి అతికిస్తే పట్టకపోవడానికి ఇదొక కారణం. తెలుగులోనే పొట్టిగా రాయడం అలవాటు చేసుకోమనండి. వాట్సాప్‌లో ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మందే పరిమితి. పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవారికే మెసేజ్ చేరుతుంది. ఛానల్‌కు ఆ బాధ లేదు గానీ అందులో జనం మామూలుగా తిరిగి ప్రశ్న రాయలేరు. కాబట్టి ఛానల్ పెట్టినచోట ఫిర్యాదులకు వేరే దారి చూపించాలి.

లైకులు చూసి మురిసిపోవద్దని కూడా చెప్పండి. లక్షమంది ఫాలోవర్లలో నియోజకవర్గం వాళ్లు ఎందరో చూడాలి. వారం చివర నాయకుడికి ఇచ్చే నివేదికలో నా లెక్కన మూడు అంకెలు చాలు: వచ్చిన ఫిర్యాదులు, మిగిలిపోయినవి, మొదటి జవాబుకు పట్టిన సమయం.

పరువు తీసే పొరపాట్లు చాలావరకు చిన్నవే. సొంత ఖాతా, నాయకుడి ఖాతా ఒకే ఫోన్‌లో ఉండటంతో ఒకదానిలో పెట్టాల్సింది మరోదానిలో పడుతుంది. ప్రమాదం జరిగి జనం ఏడుస్తున్న వేళ, ముందుగా షెడ్యూల్ చేసిన పండగ శుభాకాంక్షలు వాటంతటవే వెళ్లిపోతాయి. పాత ఫొటోను నిన్నటి పర్యటనగా పెడతారు. పాస్‌వర్డ్ ఒక్కడి దగ్గరే ఉండి, వాడు మానేసి వెళ్లిపోతాడు. వేరే ఫోన్, ఇద్దరి ఆమోదం, ఖాతాను తిరిగి తెరవడానికి పనికొచ్చే రికవరీ కోడ్‌లు ఆఫీసు బీరువాలో ఉంచడం: వీటితో ఇందులో సగం ఆగిపోతాయి.

ఎన్నికలొస్తే నియమాలు మారతాయి. భారతదేశంలో పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటలు ప్రచారం ఆపాలి. సోషల్ మీడియాలో రాజకీయ ప్రకటనలకు ముందస్తు అనుమతి కావాలని ఎన్నికల సంఘం 2013 అక్టోబరులోనే ఆదేశించింది. ప్రచార ఖాతాలు నడిపే సిబ్బంది జీతాలు కూడా అభ్యర్థి ఖర్చులో చూపాలని అందులోనే ఉంది. అంటే మీ అమ్మాయి జీతం కూడా ఆ లెక్కలోకి రావచ్చు. రసీదు లేకుండా చేతికి డబ్బిస్తామంటే అనుమానించాలి. నకిలీ వీడియోలు తమ దృష్టికి వచ్చిన 3 గంటల్లో తీసేయాలని 2024 మేలో ఎన్నికల సంఘం పార్టీలకు చెప్పింది. దొంగ ఖాతాలు తెరవమన్నా, ఫిర్యాదుదారుల నంబర్లు పార్టీ ప్రచార జాబితాకు ఇమ్మన్నా కుదరదని చెప్పగలగాలి. కేసు పడితే పోస్టు పెట్టిన చేతినీ అడుగుతారు.

ఓడిపోతే? ఉద్యోగం పోవచ్చు, నిజమే. ఈ పనిలో భద్రత లేదు. అయితే ఫిర్యాదులు నడపడం, గడ్డు సమయంలో తొందరపడకుండా నాలుగు వాక్యాలు రాయడం వచ్చినవారిని స్థానిక సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల పౌరసంబంధాల విభాగాలు తీసుకుంటాయి. ఫలానా నాయకుడి మనిషి అన్న ముద్ర మాత్రమే మిగిలితే కష్టం. అందుకని పేరు కంటే పనినే చూపించే పోర్ట్‌ఫోలియో ఇప్పుడే తయారు చేసుకోవాలి. ఇద్దరు ప్రజాప్రతినిధుల నెల రోజుల పోస్టులు తీసి ప్రకటన, జవాబు, పార్టీ, సొంతం అని విడగొట్టి, ఏది ఎంత ఉందో రెండు పేజీలు రాయమనండి. ఏదైనా స్థానిక సంస్థ బడ్జెట్ పత్రం తీసుకుని 60 సెకన్ల వీడియో చేయాలి. 20 వరుసల నమూనా ఫిర్యాదుల షీట్ కూడా పెట్టాలి.

ఇంటర్వ్యూలో తనూ నాలుగు ప్రశ్నలు అడగాలి. నియామక పత్రం ఇచ్చేది ఆఫీసా, పార్టీయా, ఏజెన్సీయా? పోస్టుకు ఆఖరి ఆమోదం ఎవరిది? రాత్రి పదింటికి వచ్చే మెసేజ్‌లకు షిఫ్టు ఉందా? ఎన్నికల కాలంలో జీతం ఎవరిస్తారు? మొదటి ప్రశ్నకే "చేరాక చూద్దాం" అంటే ఇంకో చోటు వెతుక్కోమనండి.