మా అమ్మాయి డైరెక్టర్ అవుతానంటోంది

ప్రశ్న: మాది గుంటూరు. పన్నెండేళ్లుగా జర్మనీలో, మ్యూనిక్‌లో ఉంటున్నాం. మేమిద్దరం సాఫ్ట్‌వేర్. అమ్మాయి జిమ్నాజియంలో (ఇక్కడి హైస్కూలు) 11వ తరగతి. మొన్నటిదాకా ఇన్ఫర్మాటిక్స్ (కంప్యూటర్ సైన్స్) అన్నది, ఇప్పుడు ‘డాస్ బోట్’ సినిమా తీసిన జర్మన్ వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్‌లా డైరెక్టర్ని అవుతానంటోంది. సినిమా అంటే మాకు భయం. ఏం చెప్పమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ భయం నాకు తెలుసు. డైరెక్టర్ అనగానే మనకు కృష్ణానగర్ గుర్తొస్తుంది. ఇరుకు గది, పదేళ్ల అసిస్టెంటుగిరీ, చివరికి ఒక శుక్రవారం మార్నింగ్ షోకి జాతకం తేలిపోవడం. మీరున్న చోట కష్టం లేదనను, కానీ దారి వేరు. అక్కడ డైరెక్టర్లలో చాలామందికి అన్నం పెట్టేది టీవీ.

మీ అమ్మాయి పేరు చెప్పిన మనిషినే చూడండి. పీటర్సన్ 1941లో ఎమ్డెన్‌లో పుట్టారు. స్కూలు రోజుల్లోనే 8 ఎంఎం కెమెరాతో చిన్న చిన్న ఫిల్ములు తీశారు. హాంబర్గ్‌లో కొన్నాళ్లు నాటకాల్లో పనిచేశారు. 1966లో బెర్లిన్‌లో ఫిల్మ్ అకాడమీ తెరిస్తే మొదటి బ్యాచ్‌లో చేరారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. పన్నెండో తరగతి అవగానే సీటు చేతికి రావాలనే మన తొందర ఈ చదువుకి పనికిరాదు.

బయటికొచ్చాక ఆయన్ని పిలిచింది హాలీవుడ్ కాదు, టీవీయే. ఆదివారం రాత్రి 8:15కి మీ పక్కింటివాళ్లు టీవీ ముందు నుంచి కదలరే, ఆ ‘టాటోర్ట్’ క్రైమ్ సీరీస్ 1970 నుంచి వస్తోంది. అందులో ఆయన ఆరు ఎపిసోడ్లు తీశారు. ఒక్కోటీ గంటన్నర, అంటే ఒక సినిమాతో సమానం. చేయి తిరిగింది అక్కడే. దీనికి రెండో వైపు కూడా ఉంది. 1977లో ఆయన తీసిన ‘డీ కాన్సెక్వెంజ్’ ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ. మిగతా ప్రాంతాల్లో ప్రసారమైంది, మీరుండే బవేరియా రాష్ట్రపు చానల్ మాత్రం వేయనంది. డబ్బు చానల్‌దైతే చివరి మాట కూడా చానల్‌దే. ఇది మీ అమ్మాయికి ఇప్పుడే తెలియడం మంచిది.

1981లో జలాంతర్గామి కథ ‘డాస్ బోట్’ వచ్చేనాటికి ఆయనకు నలభై. అదీ టీవీ చానళ్ల డబ్బు కలిసిన సినిమానే. థియేటర్లో రెండున్నర గంటలు నడిచింది, తర్వాత టీవీలో భాగాలుగా దాదాపు అయిదు గంటలు వచ్చింది. ఆరు ఆస్కార్ నామినేషన్లలో రెండు ఆయన పేరు మీదే, దర్శకత్వానికొకటి, స్క్రిప్టుకొకటి.

ఒక సెలవు రోజు అమ్మాయిని మీ ఊరి పక్కనే గైజెల్‌గాస్టైగ్‌లోని బవేరియా స్టూడియోకి తీసుకెళ్లండి. ‘డాస్ బోట్’ జలాంతర్గామి సెట్‌ను సందర్శకులకు చూపిస్తారు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒత్తిగిలాల్సిందే, అంత ఇరుకు. గోడ ఊడదీసి కెమెరా దూరంగా పెట్టుకుంటే పని సులువైపోయేది. పీటర్సన్ అలా చేయనివ్వలేదు. కెమెరామన్ యోస్ట్ వాకానో హెల్మెట్ పెట్టుకుని, ఒంటికి మెత్తలు కట్టుకుని, కెమెరా చేత్తో పట్టుకుని ఆ సందులోనే పరిగెత్తారు. అందుకే చూసేవాళ్లకి ఊపిరాడదు. డైరెక్షన్ అంటే ఏమిటని అడిగితే నేను ఆ ఊడదీయని గోడనే చూపిస్తాను.

ఇక చదువు. మీ ఊళ్లోనే హెచ్‌ఎఫ్‌ఎఫ్ అనే ఫిల్మ్ స్కూలు ఉంది. డైరెక్టర్లు విమ్ వెండర్స్, రోలాండ్ ఎమరిక్ అక్కడ చదివినవాళ్లే. బెర్లిన్, పోట్స్‌డామ్, లుడ్విగ్స్‌బుర్గ్‌లలో కూడా మంచి స్కూళ్లున్నాయి. సీట్లు చాలా తక్కువ. మార్కుల కంటే తను తీసిన ఫిల్ములు, రాసినవి చూస్తారు. రాకపోతే? 1966లో పీటర్సన్‌ని చేర్చుకున్న ఆ అకాడమీయే తర్వాత పెద్ద డైరెక్టరైన ఫాస్‌బిండర్‌ను వద్దంది. ఆయనే 1980లో ‘బెర్లిన్ అలెగ్జాండర్‌ప్లాట్జ్’ను 14 భాగాలుగా టీవీకి తీశారు. మరో డైరెక్టర్ టామ్ టిక్వర్‌కి కూడా ఫిల్మ్ స్కూళ్లలో సీటు రాలేదు. సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడుపుతూ నేర్చుకున్నారు. తర్వాత 2017లో మొదలైన ‘బాబిలోన్ బెర్లిన్’ సీరీస్ దర్శకుల్లో ఆయనొకరు.

డబ్బు మాట దాచను. నెలజీతం ఉండదు, ప్రాజెక్టు ఉంటేనే రాబడి, మధ్యలో ఖాళీలు తప్పవు. కాకపోతే సొంతంగా పనిచేసే కళాకారులకి అక్కడ కళాకారుల బీమా నిధి ఉంది. అర్హత ఉంటే హెల్త్, పెన్షన్ బీమాలో కళాకారులు సగమే కడితే చాలు. మన దగ్గర ఏ అసిస్టెంట్ డైరెక్టర్‌కుంది ఆ భాగ్యం?

ఆబిటూర్ (స్కూలు చివరి పరీక్ష) మాత్రం పూర్తిచేయమనండి, అందులో బేరం లేదు. ఆ తర్వాత ఏడాది షూటింగుల్లోనో ఎడిటింగ్ రూములోనో ప్రాక్టికుం (ఇంటర్న్‌షిప్) చేయనివ్వండి. ఉదయం అయిదింటికి లేచి, చలిలో కేబుళ్లు మోసి, ఇంకా ఇదే కావాలంటే దరఖాస్తు పెట్టనివ్వండి. వద్దనుకుంటే ఇన్ఫర్మాటిక్స్ ఎక్కడికీ పోదు. ముందుగానే అందులో బలవంతంగా చేర్పిస్తే రెండూ చెడతాయని నా అనుభవం.

ఈలోగా, వేసవి సెలవులు అయ్యేలోపు ఫోనుతోనే అయిదు నిమిషాల ఫిల్మ్ తీసి చూపించమనండి. మిమ్మల్నిద్దరినీ నటించమంటే కాదనకండి.