రాతప్రతిని దిద్దడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నా నవల తొలి రాతప్రతి పూర్తయి ఏడాది కావస్తోంది. ఆరు లాంగ్ నోటుబుక్కులు నిండాయి. దిద్దుదామని కూర్చున్న ప్రతిసారీ మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోతున్నాను. దాన్ని ఇప్పటికి తొమ్మిదిసార్లు తిరగరాశాను. 1974లో మా బొబ్బిలి నుంచి విజయనగరానికి కాలేజీ చదువుకు వెళ్లిన అమ్మాయి కథ ఇది. ఆ అధ్యాయం జెరాక్సు జతచేస్తున్నాను. మిగతాది ఎలా సంస్కరించుకోవాలో తెలుపగోరుతాను.
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: మీ పది పేజీలూ చదివాను. వాక్యాలు నున్నగా ఉన్నాయి. అయితే తొమ్మిదిసార్లూ మీరు దిద్దినది భాషనే గాని, ఈ అధ్యాయం నవలకు కావాలా అన్న ప్రశ్న ఒక్కసారైనా వేసుకున్నట్టు కనిపించదు. అమ్మమ్మగారి ఇల్లు, పెరటి చింతచెట్టు, వంశవృత్తాంతం అన్నీ అయ్యాక తొమ్మిదో పేజీలో గాని అమ్మాయి బస్సెక్కలేదు. కథ ఆ బస్సు దగ్గర మొదలవుతోందని నా అభిప్రాయం. ఫీజు కోసం తల్లి కాసులపేరు తాకట్టుకు వెళ్లిందన్న సంగతి మాత్రం వదులుకోరానిది. అది హాస్టల్లో డబ్బు అవసరపడిన చోట వస్తే ఇంకా గట్టిగా తగులుతుంది.

కాబట్టి ముందు చేతిలో కలం లేకుండా ఆరు పుస్తకాలూ వరుసగా చదవండి. ఆపైన ఒక్కో అధ్యాయానికి ఒక్కో వాక్యం చొప్పున, అందులో ఎవరికి ఏం కావాలి, చివరికి ఏం మారింది అన్నది వేరే కాగితం మీద రాసుకోండి. ఏమీ మారని అధ్యాయాన్ని పక్కదానిలో కలపడమో, తీసేయడమో చేయాలి. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని గురజాడవారు 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. మధురవాణి పాత్ర అంతగా పెరిగింది ఆ రెండో కూర్పులోనే.

బస్సు దగ్గరి వాక్యం చూడండి: ‘ఎంతో బాధతో, దుఃఖం పొంగుకురాగా, కన్నీళ్లు ఆపుకోలేక ఆమె తండ్రి వైపు చూసింది.’ దీనికి ముందు వాక్యంలోనే తండ్రి రొంటిన దోపుకున్న డబ్బు తీసి, టిక్కెట్టుకు సరిపోతుందో లేదోనని రెండుసార్లు లెక్కపెట్టాడు. చెప్పవలసింది ఆ లెక్కే చెప్పేసింది గనుక రెండో వాక్యం కొట్టేయవచ్చు. ఇక మూడో పేజీలో ‘ఏటి సేస్తన్నావే గుంటా’ అన్న అమ్మమ్మే ఐదో పేజీలో ‘ఏం చేస్తున్నావమ్మా’ అంటోంది. ఇటువంటివి కళ్లకు దొరకవు, పైకి చదివితే చెవికి దొరుకుతాయి. ఇంట్లో పెద్దవాళ్లెవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని చదవండి.

మరొకటి. మీ బస్సులోని పెద్దమనిషి ‘విజయనగరం జిల్లా కలెక్టరు’ పేరెత్తాడు. ఆ జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. 1974లో బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలోనూ, విజయనగరం విశాఖపట్నం జిల్లాలోనూ ఉండేవి. అంటే మీ అమ్మాయి ఆ బస్సులో జిల్లా దాటింది. పొరపాటు సరిచేయడమే కాదు, తండ్రి దిగులుకు దీన్ని వాడుకోవచ్చు కూడా.

పదోసారి మొదటి అధ్యాయం వాక్యాల మీద కూర్చోవడం ఇవన్నీ అయ్యాకే. తీసేసిన పేజీలను చించకుండా ఒక కవరులో దాచండి. చింతచెట్టు వర్ణన బాగుంది, ఆమె సెలవులకు తిరిగొచ్చినప్పుడు అక్కరకు రావచ్చు.