పునాది విఫలమయ్యే సంభావ్యతను లెక్కగట్టాక ఇంజనీరు విచక్షణతో పనేముంది?

చాలా ఉంది. విశ్వసనీయత సూచిక బీటా (వైఫల్యానికి ఎంత దూరంలో ఉన్నామో అనిశ్చితితో పోల్చి చెప్పే అంకె) 3 వచ్చిందంటే, నార్మల్ పంపిణీ ప్రకారం పునాది విఫలమయ్యే అవకాశం పది వేలలో సుమారు 13. అంకె ముచ్చటగానే ఉంటుంది. కానీ లెక్కలో పెట్టిన అనిశ్చితికే అది వర్తిస్తుంది, వదిలేసినదాని ఊసెత్తదు.

కెనడాలో విన్నిపెగ్ దగ్గరి ట్రాన్స్‌కోనా ధాన్యపు గిడ్డంగినే చూడండి. 1913 అక్టోబరులో ధాన్యం నింపుతుండగా ఆ కాంక్రీటు సైలోలు కుంగి, ఒక రోజులోనే దాదాపు 27 డిగ్రీలు ఒరిగిపోయాయి. కట్టేముందు గోతి అడుగున చిన్న ప్లేటు పెట్టి బరువు పరీక్ష చేశారు, ఫలితమూ బాగానే వచ్చింది. చిక్కల్లా, ఆ ప్లేటు ఒత్తిడి పైనున్న గట్టి బంకమట్టితోనే ఆగింది. 23 మీటర్ల వెడల్పు రాఫ్ట్ (కట్టడం మొత్తం కింద పరిచిన పలక లాంటి పునాది) ఒత్తిడి కిందనున్న మెత్తటి మట్టి దాకా దిగింది. అలాంటి పరీక్షలు వంద చేసి బీటా కట్టినా తప్పు జవాబే వచ్చేది. మట్టి పరీక్షకు బోరు ఎంత లోతు వేయాలి, ఏ పొరను విడిగా చూడాలి, ఏ తరహా వైఫల్యాన్ని లెక్కించాలి అన్నవి సూత్రం కంటే ముందే తేలాలి.

పైగా మామూలు భవనానికి ఉండేవి నాలుగైదు బోర్లే. ఒకచోట ఎస్‌పీటీ ఎన్ విలువ (బోరులో గొట్టాన్ని నిర్ణీత లోతు దించడానికి పట్టిన సుత్తి దెబ్బల లెక్క) మరీ ఎక్కువొస్తే అది గట్టి పొరా, లేక రాయి తగిలిందా? బోరు లాగ్ (ఏ లోతులో ఏ మట్టి తగిలిందో రాసిన పట్టిక), నమూనా చూసినవాళ్లే చెప్పాలి.

అలాగని "నా అనుభవం" అంటూ భద్రతా ఫ్యాక్టర్‌ను తోచినట్టు పెంచడం విచక్షణ కాదు. ఏమనుకున్నారో, ఎందుకో రిపోర్టులో రాయండి. బేసియన్ పద్ధతిలో (కొత్త సమాచారంతో పాత అంచనాను సవరించే గణితం) ఆ అంచనాతో మొదలుపెట్టి, పైల్ లోడ్ టెస్ట్ (నేలలోకి దించిన పునాది స్తంభంపై బరువు పెట్టి చూసే పరీక్ష) ఫలితం రాగానే సవరించుకోవచ్చు.