ఫొటోగ్రఫీ చదవడానికి బొగ్గు, మట్టి ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి ఫొటోగ్రఫీ అంటే ప్రాణం. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో చేరతానంటోంది. తీరా చూస్తే మొదటి ఏడాదంతా డ్రాయింగ్, శిల్పం, అచ్చు పద్ధతుల్లో బొమ్మలు వేసే ప్రింట్‌మేకింగ్‌ అట. నేరుగా కెమెరా కోర్సులో చేర్పిస్తే పోదా? పోర్ట్‌ఫోలియోలో (ప్రవేశానికి చూపించే పనుల ఎంపికలో) ఏం పెట్టాలి?

జవాబు: ఫంక్షన్లు, ప్రకటనల ఫొటోలు తీస్తూ త్వరగా సంపాదనలో పడాలన్నది ఆలోచనైతే మీరన్నది సబబే. చిన్న డిప్లొమా చేసి, అనుభవమున్నవాళ్ల దగ్గర అసిస్టెంట్‌గా పనిచేస్తే చాలు. గ్యాలరీ గోడకెక్కే పని చేయాలనుకుంటే మాత్రం ఆ మొదటి ఏడాదే అసలు చదువు.

ఎందుకో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. తెల్ల గుడ్డ మీద తెల్ల గిన్నె పెట్టి, పక్కనుంచి ఒకే దీపం వెలుగు పడేలా చేసి, ముందు బొగ్గుతో బొమ్మ గీయమనండి. గంటసేపు గీస్తే ఆ తెలుపులో ఎన్ని ఛాయలున్నాయో కంటికి తెలుస్తుంది. తర్వాత ఆటో మోడ్‌లో ఫొటో తీయమనండి. గిన్నె మసకబారి బూడిదరంగులో వస్తుంది. ఎదుట ఏమున్నా, వెలుగును కొలిచే కెమెరా మీటరు దాన్ని మధ్యరకం బూడిదరంగుగానే లెక్కగడుతుంది మరి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటోకు వెలుగు పెంచే, తగ్గించే అమరిక; ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు) ఒకటి, రెండు స్టాప్‌లు పెంచితే తెలుపు తెలుపుగా పడుతుంది. చేత్తో గీసిన పిల్ల ఈ తేడాను తీసేటప్పుడే పట్టేస్తుంది.

ప్రింట్‌మేకింగ్‌తో కాగితం గుణం తెలుస్తుంది. 1842లో శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టిన నీలిరంగు ప్రింట్ల పద్ధతి సయనోటైప్‌నే తీసుకోండి. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలు కలిపి కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టి, పైన నెగటివ్ ఆనించి ఎండలో ఉంచి, నీళ్లలో కడగాలి. నెగటివ్ ఎంతుంటే ప్రింటూ అంతే వస్తుంది. తెల్లగా రావాల్సిన చోట పసుపు మిగిలితే కడగడం చాల్లేదన్నమాట. అన్నీ సరిగ్గా చేసినా నీలం వెలిసిపోతుంటే కాగితాన్ని అనుమానించాలి. ఎక్కువకాలం మన్నాలని చాలా ఆర్ట్ పేపర్లలో క్షార గుణమున్న కాల్షియం కార్బొనేట్ కలుపుతారు. ఈ నీలానికి క్షారం పడదు. (వృక్షశాస్త్రజ్ఞురాలు అన్నా అట్కిన్స్ 1843 నుంచి సముద్రపు నాచు చిత్రాలను ఈ పద్ధతిలోనే, అసలు కెమెరాయే లేకుండా అచ్చువేశారు.)

శిల్పం గురించి ఒక్క మాట: ప్రింటును ఏ సైజులో, ఏ ఎత్తులో, ఎంత దూరం నుంచి చూపించాలన్న లెక్క అక్కడ అలవడుతుంది.

పోర్ట్‌ఫోలియోకి ఎన్ని చిత్రాలు కావాలో ఆయా కాలేజీల నోటిఫికేషన్‌లో చూడండి. సంఖ్య చెప్పకపోతే 15 నుంచి 20 చాలు. అందులో సగం ఒకే విషయం మీద తీసిన వరుస అయి ఉండాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: ఒక సూర్యాస్తమయం, ఒక పక్షి, ఒక ముసలాయన ముఖం... దేనికదే బాగుంటుంది, కానీ తీసిన మనిషి ఏం చూస్తోందో అర్థం కాదు. చిన్న ప్రింట్లు తీయించి నేలమీద పరిచి, వరుస మార్చి మార్చి చూడమనండి. పక్క ఫొటో చెప్పిందే మళ్లీ చెబుతున్నదాన్ని, ఎంత ముద్దొచ్చినా, తీసేయాలి. నాలుగైదు డ్రాయింగులు, స్కెచ్‌బుక్ పేజీలు తప్పనిసరిగా జతచేయండి, కొట్టివేతలతో సహా.

ప్రింట్ల విషయంలో రెండు జాగ్రత్తలు. 6000×4000 పిక్సెళ్ల ఫైలు అంగుళానికి 300 చొప్పున 20×13 అంగుళాల వరకు నిక్కచ్చిగా వస్తుంది. స్క్రీన్ వెలుగు బాగా పెంచుకుని ఎడిట్ చేస్తే ప్రింటు నల్లగా వస్తుంది, కాబట్టి ముందు చిన్న ముక్క టెస్ట్ ప్రింట్ తీయించండి.

ఇక సంపాదన. ప్రదర్శనల మీదే బతకడం మొదటి ఏళ్లలో కష్టం. మ్యూజియంలకు, చిత్రకారులకు కళాఖండాల ఫొటోలు తీసిపెట్టడం, బోధన, పత్రికల పని తోడుండాలి. చేరేముందు కాలేజీని రెండు అడగండి: డార్క్‌రూమ్ (ఫిల్మ్, ప్రింట్లు కడిగే చీకటి గది) నిజంగా నడుస్తోందా? రెండో ఏడాది తర్వాత కూడా ప్రింట్‌మేకింగ్ స్టూడియోలోకి ఫొటోగ్రఫీ విద్యార్థులను రానిస్తారా?