పీహెచ్‌డీ గైడ్‌ని ఎంచుకోవడానికి హెచ్-ఇండెక్స్ చూస్తే సరిపోతుందా?

సోంపేట నుంచి ఒక మాస్టారు రాశారు. వాళ్లమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ అయ్యాక పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) కూడా తెచ్చుకుంది, ఉద్దానం కిడ్నీ జబ్బు మీదే పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇద్దరు గైడ్లు తీసుకుంటామన్నారు. పరిశోధన పేపర్లను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో ప్రొఫెసర్ గారికి 4,200 సైటేషన్లు (అంటే ఆయన పేపర్లను వేరే పేపర్లలో ప్రస్తావించిన సార్లు), హెచ్-ఇండెక్స్ 31. మేడమ్ గారికి 640, హెచ్-ఇండెక్స్ 12. "బంధువులంతా పెద్దాయన దగ్గరే చేర్పించమంటున్నారు, అమ్మాయేమో మేడమ్ అంటోంది, 31 ఎక్కడ 12 ఎక్కడ?" అని ఆయన టెన్షన్.

మాస్టారూ, ముందు ఆ 12 అంటే ఏమిటో చూడండి. ఆమె పేపర్లలో 12 పేపర్లను, ఒక్కోదాన్ని కనీసం 12 సార్లు, వేరే పేపర్లలో ప్రస్తావించారని. హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో పెట్టిన లెక్క ఇది. ఇది పెరగడమే తప్ప తగ్గడం ఉండదు, మనిషి రిటైరై ఇంట్లో కూర్చున్నా పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఇద్దరి మొదటి పేపరు ఏ సంవత్సరంలో వచ్చిందో చూడకుండా పోల్చడం పదో క్లాసు పిల్లాడి ఎత్తునీ అయిదో క్లాసు పిల్లాడి ఎత్తునీ పోల్చడమే.

అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరి గూగుల్ స్కాలర్ ప్రొఫైళ్లూ ఫోన్లో కాకుండా కంప్యూటర్లో తెరవండి. మొత్తం సైటేషన్ల పక్కనే గత అయిదారేళ్ల లెక్క విడిగా ఉంటుంది, దాన్ని చూడండి. తర్వాత పేపర్లను సంవత్సరం వారీగా పెట్టి ఒక్కోటి తెరిచి పేర్ల వరుస చదవండి. వైద్య, ఆరోగ్య పరిశోధనలో మామూలుగా మొదటి పేరు పని చేసినవాళ్లది, అంటే చాలాసార్లు స్టూడెంట్‌ది. చివరి పేరు గైడ్‌ది. మధ్యలో ఉన్నవాళ్లు ఏదో ఒక చెయ్యి వేసినవాళ్లు. ప్రపంచవ్యాప్తంగా జబ్బుల భారం లెక్కగట్టే పెద్ద పేపర్లు లాన్సెట్ అనే వైద్య జర్నల్లో వస్తుంటాయి, వాటికి వందల మంది రచయితలు, వేల సైటేషన్లు. అలాంటివి రెండు మూడు ఉంటే చాలు, అందులో మీ అమ్మాయికి నేర్పే పని ఎంతుందో తెలియకుండానే సైటేషన్ల మొత్తం ఎక్కడికో వెళ్లిపోతుంది. పోనీ అది తప్పా అంటే తప్పేం కాదు, కానీ మీకు కావలసిన సమాచారం అది కాదు.

మన పేర్లతో ఇంకో తంటా ఉంది. ఇనీషియల్, శ్రీనివాసరావు అని వెతికితే అదే పేరున్న ఇంజినీరు రాసినవి, ఆర్థోపెడిక్ డాక్టరు రాసినవి కూడా ఒకే ప్రొఫైల్‌లో కలిసిపోవడం మామూలే. కిడ్నీ మీద పని చేసేవారి జాబితాలో కాంక్రీటు మీద పేపరు కనిపిస్తే ఆ సంఖ్యని నమ్మకండి.

ఇంతకీ సైటేషన్ అంటే మెచ్చుకోలే కానక్కర్లేదు. మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద రాసిన పేపర్‌ని దశాబ్దాల తరబడి ఉటంకిస్తూ వచ్చారంటే ల్యాబుల్లో ఆ పరీక్ష వాడారు గనుక. అదే ఒక జిల్లాలో జబ్బు ఎందుకొస్తోందో వెతికే పేపర్‌కి, అది ఎంత మంచిదైనా, చదివేవాళ్లే తక్కువ. ఉద్దానం మీద 2019, 2020లలో కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్ అనే జర్నల్లో వచ్చిన సర్వేలు అమ్మాయిని చదవమనండి. పెద్దవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి కిడ్నీ సమస్య ఉందని అందులో తేలింది. ఆ మాట రాయడానికి ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ఊళ్లో ఆశా కార్యకర్తల సాయం కావాలి, రక్తం శాంపిల్ చెడిపోకుండా ల్యాబుకి చేరాలి. ఇద్దరిలో ఇలాంటి ఫీల్డ్ వర్క్ ఎవరు చేయించారు, పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ రీసెర్చ్ సెంటర్‌తో ఎవరికి పని సంబంధం ఉంది, నేనైతే ముందు ఇది అడుగుతాను.

ఎవరి జాబితాలోనైనా ఊరూ పేరూ లేని జర్నళ్లు వరసగా ఉంటే మాత్రం దూరంగా ఉండండి. వారంలో వేసేస్తాం, డబ్బు పంపండి అనే బాపతు. (ఫీజు తీసుకునే ప్రతి జర్నలూ దొంగది కాదు, ఎవరైనా ఉచితంగా చదవగలిగే మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లూ తీసుకుంటాయి.) ఇలాంటి వ్యవహారంలోనే హైదరాబాద్ నుంచి నడిచిన ఒక ప్రచురణ సంస్థకి 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్ల పైన కట్టమని తీర్పిచ్చిందంటే ఈ వ్యాపారం ఎంత పెద్దదో చూడండి.

మీరు చెప్పినదాన్ని బట్టి నా ఓటు మేడమ్‌కే, అయితే ఆమె పేపర్లలో మొదటి పేరు స్టూడెంట్లది ఉండాలి. అమ్మాయిని ఇద్దరి దగ్గరా ఇప్పుడు చేస్తున్న స్కాలర్లకి ఫోన్ చేయమనండి. వాళ్లకంటే ముందు చేసినవాళ్లు ఎన్నేళ్లకి థీసిస్ ఇచ్చారు, రాసిన డ్రాఫ్ట్ గైడ్ ఎన్నాళ్లకి చదివి ఇస్తారు, ఈ రెండూ అడిగితే చాలు. పెద్దాయన ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. నెలకి 37,000 ఫెలోషిప్ తనదే, ఎవరి ప్రాజెక్టు డబ్బు మీదా ఆధారపడలేదు. ఆయనకి మర్యాదగా ఒక మెయిల్ రాస్తే సరిపోతుంది, అదీ చేరే తేదీ దగ్గరపడకముందే.